పాట ఇంట్లో వింటే చాలదా అని అడిగిన నరసన్నపేట చెల్లెమ్మకు

ప్రశ్న క్లుప్తంగా ఇది: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. నాకు 48 ఏళ్లు. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి ఒక విదేశీ పాప్ బ్యాండు కచేరీకి నన్ను కూడా రమ్మని పట్టుబడుతున్నాడు. వీడియోలు చూపించాడు. మెరుపు కోట్లు, ముఖాలకి రంగులు, మంటలు, పొగ, కాగితాల వాన. పాట వినడానికి ఇంత వేషం ఎందుకు? ఇంట్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఇంకా బాగా వినపడదా? వెళ్తే ఏ టికెట్ కొనాలి? చెవులకేమైనా అవుతుందా? చీర కట్టుకుని వెళ్లొచ్చా?

చెల్లెమ్మా, మాది విజయనగరం. ముప్పై రెండేళ్లుగా మైకు సెట్లు, లైట్లు అద్దెకిచ్చే పని. గొట్టం మైకులు సైకిలు వెనక కట్టుకుని ఊరూరా సంబరాలకి తిరగడంతో మొదలైంది. ఇప్పుడు ఎనిమిది మంది కుర్రాళ్లు, ఒక వ్యాను, ఒక జనరేటరు ఉన్నాయి. హరికథలకి పెట్టాను, ఆర్కెస్ట్రాలకి పెట్టాను, రికార్డింగ్ డాన్సులకి పెట్టి ఇంట్లో తిట్లు తిన్నాను. 2025 జనవరి 25న అహ్మదాబాద్‌లో బ్రిటన్ పాప్ బ్యాండు కోల్డ్‌ప్లే కచేరీ జరిగితే మా అమ్మాయి టికెట్లు కొని నన్నూ వాళ్లమ్మనీ పంపింది. కాబట్టి సగం నా పని నుంచి, సగం ఆ రాత్రి నుంచి చెప్తాను.

ఇంట్లో ఇంకా బాగా వినపడదా అన్నారు. వినపడుతుంది. మైకు సెట్టువాడిగా మొహమాటం లేకుండా చెప్తున్నాను. స్టూడియోలో ఒక్కో వాయిద్యాన్నీ విడిగా పట్టి, తప్పు దొర్లితే మళ్లీ పాడించి, నెలల తరబడి చెక్కిన పాట అది. స్టేడియంలో గాలి ఉంటుంది. ఎదుటి సిమెంటు గోడకి కొట్టుకుని తిరిగొచ్చే మోత ఉంటుంది. మీ భుజం పక్కనే అపస్వరంలో మొత్తం పాట పాడేసే కుర్రాడొకడు తప్పకుండా ఉంటాడు. శుభ్రమైన పాటే కావాలంటే ఆ డబ్బుతో మంచి ఇయర్‌ఫోన్ కొనుక్కోండి, మిగిలినదాంతో రెండు చీరలొస్తాయి.

అయితే మీ అసలు అనుమానం వేషం మీద అనుకుంటాను. పాటలో సరుకుంటే పొగెందుకు అని. నేనూ చాలాకాలం అదే మాట అనేవాణ్ణి. ఆర్కెస్ట్రా వాళ్లు స్మోక్ మిషన్ అడిగితే "గొంతు లేదు గాబోలు" అని మా కుర్రాళ్లతో నవ్వేవాణ్ణి. నా నోరు మూయించింది మాత్రం విదేశీ బ్యాండు కాదు, మన తప్పెటగుళ్ల బృందం.

గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో గ్రామదేవత సంబరం. రాత్రి పదకొండు దాటింది. తప్పెటగుళ్లు మీకు తెలియనివి కావు, మీ జిల్లాలోనూ ఉన్నాయి. గుండెకి గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్లకి గజ్జెలతో పాడుతూ గెంతుతారు. ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడతారు. ఆ రోజు నేను శబ్దం సరిచేసే మిక్సరు పట్టుకుని జనం వెనక, అరుగు మీద కూర్చున్నాను. అక్కణ్ణుంచి ఒక్కడి ముఖం కూడా ఆనలేదు. కానీ రేకు మీద నా ఫోకస్ లైటు పడి మెరిసిన ప్రతిసారీ ఎవడు ఎటు తిరిగాడో తెలుస్తోంది. ఆట అయ్యాక పెద్దాయనకి టీ ఇస్తూ, ఈ వయసులో అంత ఎత్తు ఎందుకు గెంతడం, కింద నిలబడి పాడితే పోదా అన్నాను. "ఎనకాల ఉన్నోడికి నా మొకమేటి అగుపడతాది బాబూ? గెంతితేనే అగుపడతాను" అన్నాడు.

నాకు తెలిసినంతలో పాప్ బ్యాండు మెరుపు కోటుకి అర్థం ఇంతే. ముందు వరసలో వాడికి ఆ కోటు అక్కర్లేదు, వాడికి చెమట చుక్క కూడా కనపడుతుంది. ఆ తళుకంతా చివర ఉన్నవాడి కోసం. మన నాటకాల్లో కాకి బంగారం కిరీటాలూ, పెట్రోమాక్స్ వెలుగులో ముఖానికి పట్టించిన అర్దళం రంగూ దగ్గర నుంచి చూస్తే ఎబ్బెట్టుగా ఉంటాయి. ఇరవై గజాల అవతల అదే రాజు ముఖం. మా ఊరి సిరిమానునే చూడండి. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ పూజారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగుతాడు. నేల మీద రథంలో కూర్చుని రావచ్చు కదా. యాభై, అరవై అడుగుల మాను చివర ఆకాశంలో ఊగుతూ వస్తాడు కాబట్టే మూడు లాంతర్ల కూడలిలో ఇరుక్కున్నవాడికీ, మేడ మీద ముసలమ్మకీ, నాన్న భుజాలెక్కిన పిల్లకీ కనపడతాడు. దాని వెనక భక్తి కథ వేరే ఉంది, అది కాదనను. లైట్లవాడి కన్ను నాది, నాకు ముందు ఎత్తు కనపడుతుంది.

హరికథనే తీసుకోండి. ఆదిభట్ల నారాయణదాసు గారు 1864లో మన అజ్జాడలో పుట్టారు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆయనే. అంత పండితుడు ఒక్కచోట కూర్చుని పాడి సరిపెట్టుకోలేదు. కాళ్లకి గజ్జె కట్టి, చిడతలు పట్టి, ఆడుతూ పాడుతూ కథ చెప్పారు. ఆ గజ్జెని చవకబారు వేషం అని ఈ జిల్లాలో ఎవరైనా అంటే ఊరుకుంటామా?

ఇక విదేశీ బ్యాండుల సంగతి. స్వీడన్ బృందం అబ్బా 1974లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో యూరోవిజన్ పాటల పోటీ గెలిచింది. వాళ్ల మెరుపు బట్టలూ, వెండి రంగు బూట్లూ అప్పటికే వింత. ఆ బట్టల వెనక పన్ను లెక్క కూడా ఉందని వాళ్లలో ఒకడైన బ్యోర్న్ ఉల్వేయస్ తర్వాత చెప్పాడు. వీధిలో వేసుకోవడానికి పనికిరానంత వింతగా ఉంటేనే స్వీడన్‌లో ఆ ఖర్చుకి పన్ను మినహాయింపు దొరికేదట. మా ఆడిటరుకి చెప్తే పడీపడీ నవ్వాడు. అమెరికా బ్యాండు కిస్ వాళ్లు ముఖాలకి తెలుపూ నలుపూ రంగులు, ఎత్తు మడమల బూట్లు వేసి, మంటలు ఊదేవారు. 1973 డిసెంబరు 31న న్యూయార్క్‌లో వాళ్లలో ఒకడైన జీన్ సిమన్స్ మొట్టమొదటిసారి మంట ఊదినప్పుడు అతని జుట్టే అంటుకుంది. దీని గురించి మా కుర్రాళ్లకి ఎన్నిసార్లు చెప్పానో. స్టేజీ మీద నిప్పు పెట్టాలని ఎవరైనా కమిటీవాళ్లు సరదా పడితే ఇప్పటికీ ముందు ఈ కథే చెప్తాను.

క్వీన్ అనే బ్రిటన్ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీది ఇంకో దారి. పార్సీ కుటుంబం, 1946లో జాంజిబార్‌లో పుట్టాడు, చదువు మహారాష్ట్రలోని పంచగనిలో. అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. కిరీటాలు, రాజుల అంగీలు, ఒంటికి అతుక్కునే మెరుపు దుస్తులు, ఏదీ వదల్లేదు. కానీ జనం ఎక్కువగా చెప్పుకునేది 1985 జూలై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో లైవ్ ఎయిడ్ అనే సహాయ కచేరీలో అతను ఆడిన ఇరవై నిమిషాల గురించి. ఆ రోజు తెల్ల బనియను, జీన్సు ప్యాంటు, అంతే. వేసవి సాయంత్రం, ఎండ ఇంకా పోలేదు కాబట్టి లైట్లు వేసినా ఉపయోగం లేదు. వేరే బ్యాండులు కూడా వంతులవారీగా ఆడుతున్నాయి కాబట్టి సొంత సెట్టింగు కూడా లేదు. ఎదురుగా 72,000 మంది. మైకు కర్ర సగం ముక్క చేత్తో పట్టుకుని, పిడికిలి ఎత్తి, ఒక రాగం తీసి, జనం చేత తిరిగి పాడించాడు. మన బృందంలో ఒకడు పల్లవి అంటే మిగతావాళ్లు అందుకోరూ, అదే. నేను ఆ వీడియో గొంతు కోసం చూడను, మోచెయ్యి కోసం చూస్తాను. ఒక్క కదలికా సగంలో ఆగదు. తప్పెటగుళ్ల పెద్దాయన చెప్పిన గెంతు అక్కడ కనపడుతుంది, మెరుపు బట్టలు ఉన్నా లేకపోయినా.

అదే వీడియోలో జనం చప్పట్లు గమనించండి. వెనక వరసల చప్పట్లు కాస్త ఆలస్యంగా, అలలాగా కదుల్తాయి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే వెళ్తుంది. స్టేజీకి వంద మీటర్ల దూరంలో ఉన్నవాడికి దరువు దాదాపు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. కన్నుకి వెంటనే, చెవికి కాసేపాగి. అందుకే పెద్ద మైదానాల్లో మధ్యమధ్య స్తంభాలకి స్పీకర్లు కట్టి, స్టేజీ మోత గాలిలో అక్కడికి చేరే సమయానికే అవీ మోగేలా వాటిని కావాలని ఆలస్యం చేస్తారు. ఈ లెక్క తెలియని రోజుల్లో నేను ఒక కాలేజీ గ్రౌండులో వెనక బాక్సులు సూటిగా కలిపేశాను. ఉపన్యాసం ఇస్తున్న పెద్దమనిషి ప్రతి మాటా రెండుసార్లు వినపడింది. అసలే ఆయన నలభై నిమిషాలు మాట్లాడాడు.

ఇప్పుడు అహ్మదాబాద్. పూరీ నుంచి అహ్మదాబాద్ వెళ్లే రైలు మా ఊళ్లోనే ఎక్కాం, పులిహోర, చేగోడీలు కట్టుకుని. స్టేడియంలో 1,32,000 మంది పడతారు. మా సీట్లు స్టేజీకి దూరంగా, పైన. పాడే క్రిస్ మార్టిన్ నా చిటికెన వేలి గోరంత కూడా లేడు. కూర్చోగానే నాకు ఉసూరుమంది, ఇంత దూరం వచ్చి తెర మీద సినిమా చూడ్డమేనా అని. మా ఆవిడ "ఏటీ గోల" అని చెవులు మూసుకుంది.

గేటు దగ్గర అందరికీ చేతికి ఒక పట్టీ ఇచ్చారు. లోపల చిన్న బల్బులు. ఈ బ్యాండు ఇలాంటి పట్టీలు 2012 టూర్ నుంచి వాడుతోంది. ఇప్పుడు వాడేవాటికి కంటికి కనపడని పరారుణ కాంతితో ఆజ్ఞ వెళ్తుంది, మన టీవీ రిమోటు లాగానే. అందుకే చొక్కా చెయ్యి కిందకి జారితే పట్టీ ఆరిపోతుంది, అది మొరాయించిందని మీరు అనుకుంటారు. మీ పట్టీకి వేరే పేరూ ఊరూ ఉండవు. మీరున్న వైపుకి ఏ వెలుగు తిప్పితే ఆ రంగు వెలుగుతుంది. మొదటి పాటకి స్టేడియం అంతా ఒక్కసారి ఎర్రబడింది. తర్వాత పసుపు కెరటం ఒకటి అటు చివర లేచి మా మీదుగా దాటిపోయింది. లక్ష మందికి పైగా జనం. ముప్పై రెండేళ్లు సీరియల్ బల్బుల సెట్లు కట్టినవాణ్ణి చెల్లెమ్మా, ఎన్ని బల్బులు, ఎంత వైరు, ఎంతమంది కుర్రాళ్లు అని నా బుర్ర దానంతటదే లెక్క వేసుకుంటుంది. ఆ రాత్రి లెక్క కుదర్లేదు, ఎందుకంటే బల్బులు వాటంతటవే టికెట్ కొనుక్కుని వచ్చాయి. పక్కకి చూస్తే మా ఆవిడ చెవుల మీద చేతులు తీసేసి, పట్టీ ఉన్న చెయ్యి పైకెత్తి ఉంచింది. ఆవిడకి ఆ పాటల్లో ఒక్క ముక్క అర్థం కాదు.

ఆ టూర్‌లో ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. స్టేజీ ఒకటి కాదు. పెద్దది ఒకటి, జనంలోకి పొడవుగా చొచ్చుకొచ్చిన దారి చివర ఒకటి, బాగా వెనక్కి, చవక టికెట్ల వైపు ఇంకొకటి. మధ్యలో బ్యాండు వాళ్లు నలుగురూ నడుచుకుంటూ వచ్చి వెనక స్టేజీ ఎక్కి, పొగా మంటా లేకుండా పాడారు. అప్పటిదాకా ముందు ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి, మెడలు సాచి చూడాల్సి వచ్చింది. నాకు భలే తృప్తి కలిగింది, దాచుకోవడమెందుకు. ఇంకా అట్ట కళ్లజోళ్లు ఇచ్చారు. అవి పెట్టుకుంటే ప్రతి దీపం చుట్టూ రంగురంగుల హృదయాకారాలు కనపడతాయి. చిన్నప్పుడు తిరనాళ్లలో రంగు జిలుగు కాగితం కంటికి పెట్టుకుని చూసేవాళ్లం, అంత ఆనందం.

కాగితాల వాన గురించి ఒక్క మాట. అది చూడ్డానికి తేలిక, వెయ్యడం కష్టం. గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా వేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒక వార్షికోత్సవంలో నేను పేల్చిన మొత్తం కాగితం ముఖ్య అతిథి భోజనం ప్లేట్లోకి పోయింది. పెద్ద షోలలో చాలావరకు కాగితాలు, మంటలు, లైట్లు, తెర మీద బొమ్మ అన్నీ ఒకే గడియారానికి కట్టి ఉంటాయి. డ్రమ్స్ వాయించేవాడి చెవిలో టిక్కు టిక్కు మని లయ వినపడుతూ ఉంటుంది, వాడు ఆ లయ తప్పడు కాబట్టి ఇవీ తప్పవు. ఈ సంగతి తెలిస్తే కొందరికి మోజు తగ్గుతుంది. నాకైతే పెరిగింది. పాట మధ్యలో గాయకుడు ఆగి, జనంలో ఎవరో ఎత్తిన అట్ట చదివి, ఒక పిల్లనో పిల్లాణ్నో స్టేజీ మీదకి పిలిచినప్పుడు మాత్రం ఆ గడియారం ఆపాల్సిందే. ఆ కాసేపూ లైట్లవాడు ఎంత టెన్షన్ పడుతుంటాడో నాకు తెలుసు.

ఇప్పుడు టికెట్. అందరూ ముందు నిలబడే టికెట్ కోసం ఎగబడతారు. మీ అబ్బాయి కూడా అదే అంటాడు. నా సలహా వేరు. మైదానం మధ్యలో, స్టేజీకి ఎదురుగా ఒక టెంటులాంటిది ఉంటుంది. మిక్సరు, లైట్ల బోర్డు అక్కడే. శబ్దం సరిచేసేవాడు తన చెవికి ఎలా వినపడుతోందో దాన్ని బట్టే సరిచేస్తాడు, కాబట్టి వాడి పక్కన నిలబడ్డవాడికి దొరికినంత మంచి మోత ఇంకెవరికీ దొరకదు. బ్యారికేడ్ని ఆనుకున్నవాళ్లకి కింద పెట్టిన బేస్ బాక్సుల అదురు పొట్టలో తెలుస్తుంది, పాట మాత్రం పైనుంచి వెళ్లిపోతుంది. గాయకుడి చెమట చూడాలంటే ముందు, పాట వినాలంటే మధ్య, మొత్తం ఆట చూడాలంటే ఎదురుగా కింది అంతస్తు సీట్లు. పక్కవైపు బాగా ముందున్న సీట్లు మాత్రం వద్దు, అక్కణ్ణుంచి స్టేజీ సగమే కనపడుతుంది, తెర అసలు కనపడకపోవచ్చు. బుక్ చేసేటప్పుడు "వ్యూ" గురించి చిన్న అక్షరాల్లో ఏమైనా రాశారేమో చదవండి. అహ్మదాబాద్‌లో టికెట్లు 2,500 రూపాయల నుంచి ఉండేవి. ఆ 2,500వి కూడా పనికిమాలిన సీట్లు కావని తళుకంతా చివర ఉన్నవాడి కోసమేనని ఇందాక చెప్పిన కారణానికే నమ్ముతాను. బ్లాకులో మాత్రం కొనకండి. గేటు దగ్గర స్కాన్ అవ్వని టికెట్ పట్టుకుని ఏడుస్తున్న పిల్లల్ని చూశాను.

మీ వయసుకీ మోకాళ్లకీ నేనైతే మీకు సీటు, అబ్బాయికి నిలబడే టికెట్ తీస్తాను. కలిసి వెళ్లి విడివిడిగా చూడటంలో తప్పేమీ లేదు, వాడు కూడా అమ్మ పక్కన గెంతలేడు. కాకపోతే అయ్యాక ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. గేటు నంబరు చెప్పుకోండి, ఫోన్ని నమ్ముకోవద్దు. లక్ష ఫోన్లు ఒక్కచోట ఉంటే సిగ్నల్ అందదు. సిరిమాను రోజున మూడు లాంతర్ల దగ్గర ఫోన్ కలిసిందా ఎప్పుడైనా?

నిలబడే చోట జనం గురించి అబ్బాయికి చెప్పండి. చదరపు మీటరుకి ఐదుగురు దాటాక మనిషి తన ఇష్టప్రకారం కదల్లేడు, గుంపు తోసినట్టు పోతాడు. ఊపిరి సరిగా ఆడట్లేదు, చేతులు పైకి రావట్లేదు అనిపించగానే బయటికి రావాలి, పాట అయ్యాక అనుకోకూడదు. ఎదురు తోసుకుంటే రాలేరు. జనం ఊగినప్పుడు ఆ ఊపుతోపాటే కొంచెం ఏటవాలుగా పక్కకి జరుగుతూ రావాలి. చేతులు రొమ్ముకి అడ్డంగా, పిడికిళ్లు గెడ్డం కింద. సిరిమానుకి వెళ్లే మా ఊరి పిల్లలకి ఇది ఎవరూ నేర్పరు, వచ్చేస్తుంది. బయటూరి పిల్లలకి రాదు.

చెవుల సంగతి కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నా ఎడమ చెవిలో జోరీగ లాంటి మోత ఉంది. పన్నెండేళ్లయింది. రాత్రి ఫ్యాను ఆపితే అది మొదలవుతుంది. స్పీకరు పక్కనే నిలబడి "ఏమీ కాదు" అనుకున్న వయసు ఫలితం. లెక్క ఇలా ఉంటుంది. 85 డెసిబెల్ మోత రోజుకి ఎనిమిది గంటల దాకా భరించవచ్చు. ప్రతి మూడు డెసిబెల్‌కీ సమయం సగానికి తగ్గుతుంది. 100 దగ్గరికొచ్చేసరికి పావుగంటే. కచేరీలో 100 మామూలు, షో రెండు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి చోట్ల పావుగంట సగటు 100 డెసిబెల్ దాటకూడదని ప్రమాణం పెట్టింది, అయినా మీ చెవికి మీరే కాపలా. మందుల షాపుల్లో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్స్ చాలు. వాటిని నలిపి సన్నగా చేసి, చెవి పైభాగం వెనక్కి లాగి పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. స్పాంజివి మోతతో పాటు పాటలో పదునుని కూడా మింగేస్తాయి. సంగీతం వాయించేవాళ్లు వాడే రకం అయితే అన్నీ సమానంగా తగ్గిస్తుంది, ధర ఎక్కువ. దూది మాత్రం దండగ. ఇంటికొచ్చాక చెవిలో గుయ్యిమంటే ఒక రోజు చూడండి. రెండో రోజూ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, "అదే పోతుందిలే" అని నాలా ఊరుకోవద్దు.

టైము గురించి. మన సంబరాల్లో ఏడు గంటలకి అంటే పదికి మొదలై తెల్లారుతుంది. వీళ్లు అలా కాదు. రాత్రి పది తర్వాత మైకు ఆపాలన్న నిబంధన మన దేశంలో 2000 నుంచి ఉంది, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. అందుకని చెప్పిన టైముకే మొదలవుతుంది. ముందు ఒకరిద్దరు చిన్న గాయకులు పాడతారు, అప్పుడే తినేసి, బాత్రూముకి వెళ్లొచ్చి కూర్చోండి. పెద్ద సంచీ లోపలికి రానివ్వరు. చేగోడీలూ రానివ్వరు, మావి గేటు దగ్గర కానిస్టేబుల్ తిన్నాడు. కచేరీ బెంగళూరులో అయితే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మీకు ఆమదాలవలసలోనే దొరుకుతుంది. తిరుగు టికెట్ మాత్రం మర్నాటికి తియ్యండి, ఆ రాత్రికే వద్దు. స్టేడియం నుంచి రోడ్డు మీదకి రావడానికే మాకు గంట పైన పట్టింది.

చేతి పట్టీ బయటికొచ్చేటప్పుడు తిరిగి ఇచ్చెయ్యాలి, మళ్లీ వాడతారు. ఏ ఊరు ఎంత శాతం తిరిగి ఇచ్చిందో తెర మీద వేసి మరీ చూపిస్తారు. మా ఆవిడ ఇవ్వనని మొండికేసింది. నేను లాక్కుని డబ్బాలో వేశాను. ఇంటికొచ్చాక చాలారోజులు మాట్లాడలేదు, ఆవిడ చెప్పేది ఆ బల్బు నాది అని.

చివరిగా చీర. భేషుగ్గా కట్టుకోండి. మా ఆవిడా చీరలోనే వచ్చింది, మా వరసలో ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు. పొందూరు నేత చీర ఉంటే అదే మంచిది, చెమట పీలుస్తుంది. పట్టు వద్దు, గీరుకుపోతుంది, పక్కవాడి కూల్‌డ్రింకు పడుతుంది. కుచ్చిళ్లు అంగుళం పైకి కట్టండి, కింద అంతా కాగితం ముక్కలూ నీళ్ల సీసాలూ. పిన్నులు నాలుగు ఎక్కువ పెట్టుకోండి, ఎందుకంటే మీరు చెయ్యెత్తరని ఇప్పుడు అనుకుంటున్నారు గానీ ఎత్తుతారు. చెప్పులు మాత్రం వద్దు, అబ్బాయి పాత బూట్లు వేసుకోండి. చీర కింద బూట్లేమిటి, నలుగురూ నవ్వరా అంటారేమో. లైట్లన్నీ పైకే ఉంటాయి చెల్లెమ్మా, అక్కడ ఎవరి కాళ్లూ ఎవరికీ కనపడవు.